రాత్రి డ్యూటీలో ఎవరున్నారు?

జనవరి 11, 2025. ప్లేనో, టెక్సాస్

గురువారం కురిసిన మంచుకు వాయిదా పడ్డ శిక్షణ తరగతి ఇవాళ పెట్టారు. 30 గంటల శిక్షణ పూర్తిచేసి, జడ్జి ముందు ప్రమాణం చేస్తేగాని కాసా వాలంటీరు కాలేం. తల్లిదండ్రుల దగ్గర నుంచి ప్రభుత్వం తన సంరక్షణలోకి తీసుకున్న పిల్లల్లో ఒకరి తరఫున చూసి, విని, కనుక్కుని కోర్టుకు రాసిచ్చే మనిషి కాసా. 1977లో సియాటిల్‌లో డేవిడ్ సూకప్ అనే జడ్జి దీన్ని మొదలుపెట్టాడు. పిల్లల జీవితాలను తేల్చే తీర్పులు ఇవ్వాల్సి వచ్చేది, ఆ పిల్లల గురించి మాత్రం ఆయనకు అందే సమాచారం చాలేది కాదు. ఊళ్ళోని మామూలు మనుషులు ఈ పనికి వస్తారేమోనని కబురు పెడితే, మధ్యాహ్న భోజనాల వేళకు యాభై మంది వచ్చి కూర్చున్నారట.

తరగతిలో ఒక ప్రశ్న వేశారు. కొందరు పిల్లలను ఒకేచోట ఉంచి చూసే గ్రూప్ హోమ్‌లో ఒక పిల్లవాడికి పన్ను నొప్పి వచ్చింది. డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు? కేస్ వర్కర్ అన్నారు ఒకరు. హోమ్ వాళ్ళు అన్నారు ఇంకొకరు. పన్ను పీకాల్సి వస్తే సంతకం ఎవరిది అనేసరికి గది నిశ్శబ్దం. టెక్సాస్‌లో ప్రతి బిడ్డకూ వైద్యానికి ఒప్పుకునే మనిషిని కోర్టు గానీ, కోర్టు అధికారమిచ్చిన రాష్ట్ర శాఖ గానీ విడిగా గుర్తిస్తుంది. ఆ మనిషి ఎవరో హోమ్‌లో ప్రతి షిఫ్టుకూ తెలియాలి. తెలియకపోతే పిల్లవాడు నొప్పితోనే పడుకుంటాడు.

జనవరి 18

తెలుగువాళ్ళ సంక్రాంతి భోజనాలు. అరిసెలు వడ్డిస్తూ వదిన అడిగింది: "ఊళ్ళో అనాథాశ్రమానికి నెలనెలా పంపిస్తూనే ఉన్నారుగా. ఇక్కడి పిల్లలకు అన్నీ గవర్నమెంటే చూసుకుంటుంది కదండీ?"

చూసుకుంటుంది, నిజమే. స్టార్ హెల్త్ అని వైద్య బీమా ఉంది. పిల్లను తీసుకొచ్చిన మూడు పనిదినాల్లో డాక్టరు చూడాలి, ముప్పై రోజుల్లో పూర్తి ఆరోగ్య పరీక్ష జరగాలి, మనసుకు తగిలిన దెబ్బలను అంచనా వేసే పరీక్ష కూడా ఆ ముప్పై రోజుల్లోనే అవ్వాలి. థెరపిస్టు ఉంటారు, పిల్లల తరఫు లాయరు ఉంటారు. ఊరు మారినా వీలైనంతవరకు పాత బడిలోనే చదివించాలని 2015 నాటి ఫెడరల్ విద్యా చట్టం చెబుతోంది. ఇవన్నీ చెప్పాను. "మరింకేం?" అంది వదిన.

ఆ పరీక్షలు ముప్పై రోజుల్లో అయ్యాయా అని అడిగే మనిషి కావాలి వదినా, అన్నాను. ఇంతలో ఎవరో పులిహోర కోసం పిలిచారు. ఈ మాట మళ్ళీ కూర్చుని మాట్లాడాలి.

ఫిబ్రవరి 9

ఏడేళ్ళ క్రితం, 2018లో, సరిగ్గా ఈ తేదీన ఫ్యామిలీ ఫస్ట్ చట్టం వచ్చింది. దాని సారం ఇది: పిల్లలను గుంపుగా ఉంచే సంస్థలో పెడితే ఫెడరల్ డబ్బు రెండు వారాల వరకే వస్తుంది. ఆ తర్వాత కూడా కావాలంటే అది చికిత్స ఇచ్చే సంస్థగా అర్హత పొందాలి. నర్సులు ఏ వేళ పిలిచినా అందుబాటులో ఉండాలి, బయటి సంస్థ గుర్తింపు ఉండాలి. ఈ బిడ్డకు ఇక్కడ ఉండాల్సిన అవసరం నిజంగా ఉందా అని, ఆ సంస్థతో సంబంధం లేని నిపుణుడు ముప్పై రోజుల్లో తేల్చాలి. అరవై రోజుల్లో జడ్జి చూడాలి. బిడ్డ వెళ్ళిపోయాక కూడా కనీసం ఆరు నెలలు కుటుంబానికి తోడ్పాటు ఇవ్వాలి. గర్భిణులైన అమ్మాయిలకు, బిడ్డల తల్లులకు, అక్రమ రవాణా బారిన పడ్డవాళ్ళకు నడిపే ఇళ్ళకు మినహాయింపు ఉంది. కాలిఫోర్నియా అంతకుముందే, 2017 నుంచి, పాత తరహా గ్రూప్ హోమ్‌లను తీసేసి స్వల్పకాలిక చికిత్సా కేంద్రాలుగా మార్చే పని పెట్టుకుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1909లో థియొడోర్ రూజ్‌వెల్ట్ వైట్‌హౌస్‌లో సభ పెట్టి, అనాథ పిల్లలకు సంస్థ కంటే కుటుంబం మేలని తీర్మానం చేయించాడు. అంతకుముందు 1854 నుంచే న్యూయార్క్ వీధుల్లోని పిల్లలను రైళ్ళలో పడమటి ఊళ్ళకు పంపి, స్టేషన్లో వరుసగా నిలబెట్టి రైతులకు అప్పగించేవారు. 1929 దాకా రెండు లక్షల మంది పిల్లలు అలా వెళ్ళారని అంచనా. కొందరికి తల్లిదండ్రులు దొరికారు. కొందరు జీతం లేని పాలేళ్ళయ్యారు. ఇల్లు దొరికితే చాలదు, ఆ ఇంటికి వెళ్ళి చూసివచ్చే మనిషి కూడా ఉండాలన్నది ఆ పిల్లలు అనుభవించి మిగిల్చిన పాఠం.

2018 చట్టం దారి సరైనదే అని నా నమ్మకం. కానీ మంచాలు తగ్గించినంత వేగంగా కుటుంబాలు ముందుకు రాలేదు. 2021లో ఇక్కడ టెక్సాస్‌లో వందలమంది పిల్లలు చోటు దొరక్క ఆఫీసుల్లో, మోటళ్ళలో పడుకున్నారు. పగలంతా పనిచేసిన కేస్ వర్కర్లే రాత్రిళ్ళు వంతులవారీగా వాళ్ళకు కాపలా కాశారు.

ఫిబ్రవరి 22

మొదటిసారి వెళ్ళి చూసి వచ్చాను. నాకు అప్పగించిన బిడ్డ పేరు, వయసు, ఆ చోటు పేరు ఇక్కడ రాయను. కోర్టు నియమమూ అదే, నా నియమమూ అదే.

ఊరి చివర కొన్ని ఇళ్ళు, మధ్యలో బాస్కెట్‌బాల్ కోర్టు. ఒక్కో ఇంట్లో ఒక భార్యాభర్తల జంట హౌస్ పేరెంట్స్‌గా ఉంటారు. వాళ్ళకు సెలవు రోజుల్లో వేరే జంట వస్తుంది. నేను వెళ్ళిన ఇంటి తల్లి చాలా ఏళ్ళుగా ఈ పనిలో ఉంది. ఫ్రిజ్ తలుపు మీద పనుల పట్టిక, అందులో అందరి పేర్లూ ఉన్నాయి, ఆవిడ భర్త పేరు కూడా. ఈ వారం గిన్నెలు తోమే వంతు ఆయనదే.

ఆవిడ చేసే పనులు వింటూ కూర్చున్నాను. పొద్దున్నే మందులు. అలమరాకు తాళం, లోపలి పెట్టెకు ఇంకో తాళం. ఇచ్చిన ప్రతి మాత్రకూ వేళ రాసి పొట్టి సంతకం. తర్వాత నాలుగు వేరువేరు బడులకు దింపడం. ఒకరికి థెరపీ, ఒకరికి కళ్ళద్దాలు, ఒకరికి అమ్మతో ఆఫీసులో గంట కలయిక. ఆ కలయిక నుంచి వచ్చిన సాయంత్రం ఏ బిడ్డ ఎలా ఉంటాడో ముందే తెలిసి ఉండాలి. ఎవరైనా కొట్టుకుంటే రిపోర్టు. పారిపోతే పోలీసులకూ ప్రభుత్వానికీ వెంటనే ఫోను. రాత్రి భోజనం, హోంవర్క్, మళ్ళీ మందులు. వీటన్నిటి మధ్య జడ వేయడం. నల్లజాతి పిల్లల జుట్టుకు ఏ నూనె, ఎలాంటి దువ్వెన అన్నది తెలియని ఇళ్ళల్లో పిల్లలు ఎంత చిన్నబోతారో ఆవిడ చెప్పేదాకా నాకు తట్టలేదు.

గోడవారగా కొత్త సూట్‌కేసు ఒకటి ఉంది. ఈ పిల్లలు ఇల్లు మారినప్పుడల్లా బట్టలు చెత్త సంచుల్లో వేసుకుని వచ్చేవారు. అలా రాకూడదని, సామాన్ల పెట్టె ఇచ్చి పంపాలని 2023లో టెక్సాస్ చట్టం చేసింది.

మార్చి 3

మందుల గురించి ఇంకొక్క మాట. పెంపుడు సంరక్షణలో ఉన్న పిల్లలకు మనసును నెమ్మదింపజేసే మందులు మిగతా పిల్లలకంటే ఎక్కువగా వాడుతున్నారని గమనించి, ఏ వయసుకు ఎన్ని, ఎంత మోతాదు మించకూడదో టెక్సాస్ 2005లోనే మార్గదర్శకాలు రాసింది. వాటిని మించిన చీటీ కనబడితే ప్రశ్నించాలి. ఎవరు? డాక్టరు మారతాడు, హోమ్ మారుతుంది, కేస్ వర్కర్ మారుతుంది. పాత చీటీ మీద కొత్త చీటీ చేరుతూ పోతుంది. మొదటి మాత్ర ఎందుకు మొదలైందో గుర్తున్న మనిషి ఒక్కరైనా ఉండాలి.

మార్చి 15

శిక్షణలో ఇచ్చిన కాగితాల్లో ఫెడరల్ కేసు సంగతి మళ్ళీ చదివాను. 2011లో కొందరు పిల్లల తరఫున టెక్సాస్ మీద దావా వేశారు. 2015 డిసెంబరులో జడ్జి జానిస్ గ్రాహం జాక్, దీర్ఘకాలం రాష్ట్ర సంరక్షణలో ఉన్న పిల్లల రాజ్యాంగ హక్కులకు భంగం కలుగుతోందని తీర్పు ఇచ్చింది. ఆమె ఆదేశాల్లో నన్ను పట్టుకున్నది ఒకటి: ఆరుగురికి మించి పిల్లలున్న చోట రాత్రంతా మేలుకుని ఉండే పెద్దమనిషి ఒకరు ఉండాలి.

ఇది కోర్టు చెప్పాల్సి వచ్చింది. ఒకే కప్పు కింద వేరువేరు గాయాలతో వచ్చిన పిల్లలు ఉంటారు. పెద్దవాళ్ళు నిద్రపోయాక ఒక బిడ్డ ఇంకో బిడ్డ గదిలోకి వెళ్ళడం, పొద్దున్న ఎవరికీ చెప్పుకోలేకపోవడం రికార్డుల నిండా ఉంది. 2019 నవంబరులో, ఈ ఆదేశం అమలు కాలేదని తేల్చి ఆమె రాష్ట్రానికి రోజుకు 50,000 డాలర్ల జరిమానా వేసింది. పైకోర్టు ఆమె ఆదేశాల్లో చాలావాటిని కొట్టేసినా, రాత్రి మెలకువ ఆదేశాన్ని మాత్రం నిలబెట్టింది. 2024 ఏప్రిల్‌లో ఇంకో విషయంలో, వైకల్యాలున్న పిల్లలపై వేధింపుల గురించి వచ్చిన ఫిర్యాదుల దర్యాప్తు సరిగ్గా చేయనందుకు, రోజుకు లక్ష డాలర్లు వేసింది. అక్టోబరులో పైకోర్టు ఆ జరిమానాను రద్దుచేసి, ఆమెను కేసు నుంచే తప్పించింది.

న్యాయశాస్త్రం లెక్కలు నాకు తెలియవు. కానీ ఏ గ్రూప్ హోమ్‌కు వెళ్ళినా నేను అడగబోయే మొదటి ప్రశ్న మాత్రం ఇదే: రాత్రి డ్యూటీలో ఎవరున్నారు, మెలకువగా ఉన్నారా?

మార్చి 30. ఉగాది

పచ్చడి చేస్తుంటే నాన్న గుర్తొచ్చారు. ఆయన ప్రకాశం జిల్లాలో సాంఘిక సంక్షేమ హాస్టల్ వార్డెన్‌గా పనిచేశారు. పండగల సెలవులకు పిల్లలందరూ ఊళ్ళకు వెళ్ళాక, వెళ్ళడానికి ఇల్లు లేని ఇద్దరు ముగ్గురు మిగిలేవారు. వాళ్ళను మా ఇంటికి తీసుకొచ్చేవారు నాన్న. అమ్మ ముందు విసుక్కునేది, తర్వాత తలంటి పోసేది. ప్రభుత్వ రిజిస్టర్లో ఆ రోజులకు "హాస్టల్ మూసివేత" అని ఉండేది. ఆ పిల్లల సంగతి రాయడానికి అందులో గడి లేదు.

మన దేశంలో కూడా 2015 బాలల న్యాయ చట్టం సామూహిక పెంపుడు సంరక్షణను గుర్తించింది. ఎనిమిది మందికి మించకుండా, ఇంటి వాతావరణంలో, ఒక్కో బిడ్డను విడిగా పట్టించుకునేలా ఉండాలని దాని ఉద్దేశం. బాలల సంక్షేమ సమితి ఆదేశం లేకుండా ఎవరూ బిడ్డను ఉంచుకోరాదు. మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. నేను పంపే డబ్బు వెళ్ళే ఆశ్రమంలో మాత్రం ఇప్పటికీ పెద్ద హాలు, వరుసగా ట్రంకుపెట్టెలు. ఈసారి వెళ్ళినప్పుడు వాళ్ళతో మాట్లాడాలి: కొత్త భవనం కట్టకండి, పిల్లలను చిన్న చిన్న ఇళ్ళుగా విడదీయండి, ఒక్కో ఇంటికి ఒక అమ్మను పెట్టండి, ఆమె జీతం మేం ఇస్తాం అని.

ఏప్రిల్ 19. ఒమాహా, నెబ్రాస్కా

అమ్మాయిని చూడ్డానికి వచ్చి బాయ్స్ టౌన్ చూశాం. ఫాదర్ ఎడ్వర్డ్ ఫ్లానగన్ 1917 డిసెంబరు 12న, 90 డాలర్లు అప్పుచేసి అద్దె ఇంట్లో ఐదుగురు అబ్బాయిలతో మొదలుపెట్టాడు. ఆ రోజుల్లోనే కులమతాల పట్టింపు లేకుండా, అన్ని జాతుల అబ్బాయిలనూ చేర్చుకున్నాడు. తర్వాత ఊరి బయట పొలానికి మారారు. 1936లో అది సొంత గ్రామం అయింది, అబ్బాయిలే మేయరును ఎన్నుకునేవారు. 1938లో స్పెన్సర్ ట్రేసీ సినిమా వచ్చాక దేశమంతటా పేరు.

మ్యూజియంలో చూసినదానికంటే, నాకు ముందే తెలిసిన ఇంకో సంగతి అక్కడ నడుస్తున్నంతసేపూ వెంటాడింది. 1972లో ఒమాహా సన్ అనే చిన్న వారపత్రిక, అప్పటికి దాని యజమాని వారెన్ బఫెట్, ఈ సంస్థ లెక్కలు తవ్వి తీసింది. పిల్లలు ఏడువందలకు లోపే. పోగుపడ్డ ఆస్తి 20 కోట్ల డాలర్లకు పైగా. అయినా దీనంగా విరాళాల ఉత్తరాలు వెళ్తూనే ఉన్నాయి. ఆ కథనానికి 1973లో పులిట్జర్ వచ్చింది.

ఆ తర్వాత బాయ్స్ టౌన్ వాళ్ళు చేసినదే నన్ను ఇక్కడ నిలబెట్టింది. పెద్ద హాళ్ళు మానేశారు. కాన్సస్‌లోని లారెన్స్‌లో 1967లో మొదలైన పద్ధతి తెచ్చుకున్నారు. శిక్షణ పొందిన భార్యాభర్తలు తమ సొంత పిల్లలతో సహా ఒక ఇంట్లో ఉంటారు, ఆరేడెనిమిది మంది పిల్లలను చూస్తారు. వాళ్ళ పని ఎలా ఉందో ఆ ఇంటి పిల్లలను కూడా అడిగి తెలుసుకుంటారు. బాగాలేదంటే ఆ జంటకు మళ్ళీ శిక్షణ. పిల్లల మాటకు పెద్దవాళ్ళ ఉద్యోగంలో విలువ ఉండటం నేను ఎక్కడా చూడలేదు. షిఫ్టు మనుషులతో నడిచే హోమ్‌కూ దీనికీ తేడా తెలియాలంటే బిడ్డ జ్వరంతో లేచిన రాత్రిని ఊహించుకుంటే చాలు.

డబ్బు చేరడం వేరు, బిడ్డకు చేరడం వేరు. ఆశ్రమానికి పంపే మేమంతా లెక్క అడగాలి. అడిగితే నొచ్చుకుంటారేమో అని ఇన్నాళ్ళూ మొహమాటపడుతున్న వాళ్ళందరికీ ఈ మాట చెబుతాను.

మే 2

ఐదేళ్ళ క్రితం నిన్నటి రోజున మిషిగన్‌లోని కలమజూలో ఒక పదహారేళ్ళ అబ్బాయి చనిపోయాడు. రాష్ట్ర సంరక్షణలో ఉన్న బిడ్డ. భోజనశాలలో తిండి విసిరాడని సిబ్బంది కింద పడేసి, పైన పడి, నిమిషాల తరబడి అణిచిపెట్టారు. గుండె ఆగిపోయింది. చుట్టూ మనుషులున్నారు. వెంటనే అంబులెన్సుకు ఫోను చేయలేదు.

ఇలాంటి చోట్ల మీద సెనేట్ ఫైనాన్స్ కమిటీ 2024 జూన్‌లో నివేదిక ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో, సంస్థల్లో పిల్లలపై హింసను ఆపే చట్టం వచ్చింది. బాల్యంలో ఇలాంటి చోట నలిగిన పారిస్ హిల్టన్ దాని కోసం ఏళ్ళ తరబడి తిరిగింది. ఆ చట్టం ప్రస్తుతానికి అధ్యయనం చేయించడం వరకే. చాలదు, కానీ మొదలు.

ఈ రోజు ఇంకేమీ రాయలేను.

మే 17

మంచి కబురు. ఫిబ్రవరిలో నేను చూసివచ్చిన ఆ ఇంట్లో ఒక పిల్ల బడి స్నేహితురాలి పుట్టినరోజుకు వెళ్ళి, రాత్రి అక్కడే పడుకుని వచ్చింది. మామూలు పిల్లలకు ఇది సంగతే కాదు. వీళ్ళకు ఒకప్పుడు స్నేహితురాలి తల్లిదండ్రుల నేర చరిత్ర తనిఖీ అయ్యేదాకా ఆగాల్సి వచ్చేది, అప్పటికి పుట్టినరోజు అయిపోయేది. 2014 ఫెడరల్ చట్టం దీన్ని మార్చింది. వివేకం గల తల్లో తండ్రో ఎలా ఆలోచిస్తారో అలా ఆలోచించి, ఆటలకూ విహారాలకూ స్నేహితుల ఇంట్లో రాత్రి పడుకోవడానికీ ఒప్పుకునే అధికారం ఉన్న మనిషి ప్రతి గ్రూప్ హోమ్‌లోనూ ఒకరు ఉండాలి.

హౌస్ మదర్ ఆ ఇంటికి స్వయంగా వెళ్ళి, వాళ్ళమ్మతో కాఫీ తాగి, సరే అని వచ్చింది. చట్టం ఇచ్చిన అధికారాన్ని వాడే ధైర్యం కూడా ఉండాలి. భయపడి "కుదరదు" అనేస్తే ఎవరూ తప్పుపట్టరు కదా. ఒప్పుకున్నాక ఏమైనా జరిగితేనే అడుగుతారు.

జూన్ 7

ఆ ఆవరణలోనే పక్క ఇంట్లో ఒక అబ్బాయికి పద్దెనిమిది వస్తున్నాయి. వెళ్ళేటప్పుడు చేతికి ఇవ్వాల్సినవి: జనన ధ్రువపత్రం, సోషల్ సెక్యూరిటీ కార్డు, గుర్తింపు కార్డు, వైద్య రికార్డులు, బీమా కాగితాలు. పద్నాలుగేళ్ళ నుంచి ప్రతి ఏడూ వాళ్ళ క్రెడిట్ రిపోర్టు తీసి చూపించాలి. బిడ్డ పేరు మీద బంధువులే అప్పులు చేసిన కేసులున్నాయి.

ఉండాలనుకుంటే 21 ఏళ్ళ దాకా సంరక్షణలో కొనసాగవచ్చు, చదువుతూనో పనిచేస్తూనో ఉంటే చాలు. 26 దాకా మెడికెయిడ్ అనే ప్రభుత్వ వైద్య బీమా. చదువుకు ఏటా 5,000 డాలర్ల దాకా ఫెడరల్ వోచరు, టెక్సాస్ ప్రభుత్వ కాలేజీల్లో ఫీజు మాఫీ. ఆ అబ్బాయికి ఇందులో సగం తెలియదు. "ఎప్పుడు వెళ్ళిపోవచ్చు?" అని ఒక్కటే అడుగుతున్నాడు. చిన్నప్పటి నుంచీ ఇతరులు నిర్ణయించిన చోట బతికినవాడికి తలుపు తెరుచుకునే రోజు తప్ప ఇంకేం కనబడుతుంది? వెళ్ళి, ఆర్నెల్లకు ఇబ్బందిపడి, తిరిగి రావచ్చా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. టెక్సాస్‌లో రావచ్చు. ఆ సంగతి వెళ్ళేరోజునే చెప్పి పంపాలి, కాగితం మీద రాసి మరీ.

జూన్ 21

వదిన ఫోన్ చేసింది. "ఆ రోజు మాట మధ్యలో ఆగిపోయింది. నాలాంటిదాన్ని తీసుకుంటారా?" అని.

తీసుకుంటారు. ఇది చదివే మీకూ అదే జవాబు. 2023 సెప్టెంబరు చివరి లెక్కల ప్రకారం ఈ దేశంలో దాదాపు 3,43,000 మంది పిల్లలు పెంపుడు సంరక్షణలో ఉన్నారు, సుమారు పదిమందిలో ఒకరు గ్రూప్ హోమ్‌లోనో సంస్థలోనో. టెక్సాస్‌లో ఫోస్టర్ పేరెంట్ కావడానికి 21 ఏళ్ళు నిండాలి, పెళ్ళయి ఉండక్కర్లేదు, సొంత ఇల్లు ఉండక్కర్లేదు. అంత బాధ్యత ఇప్పుడే వద్దనుకుంటే కాసా వాలంటీరుగా రండి: నేపథ్య తనిఖీ, 30 గంటల శిక్షణ, కనీసం ఏడాది నిలబడతానన్న మాట, నెలకు ఒక్కసారైనా బిడ్డను చూడటం. యాస ఫరవాలేదు, చీర కట్టుకుని వెళ్ళినా ఫరవాలేదు. ఒక బిడ్డ పేరు గుర్తుంచుకుని, మళ్ళీ మళ్ళీ వెళ్ళి, వాడికి రావాల్సింది వచ్చిందా అని అడగండి. మీ కౌంటీ కాసా ఆఫీసుకు ఈ వారమే ఫోన్ చేయండి.